చివరిసారి మీ చేతిలో ఉన్నప్పుడు

పిలిచేదాకా ఇక్కడ కూర్చోండి అన్నారు కాబట్టి ఎందుకమ్మ కూర్చుంది. ఎంతసేపట్లో పిలుస్తారో చెప్పలేదు. ఏ పేరుతో పిలుస్తారో మాత్రం తెలుసు, దరఖాస్తులో ఉన్న పేరుతో. ఆ పేరు ఎవరైనా గట్టిగా అంటే ఆమెకు ఇప్పటికీ వెనక ఇంకెవరో నిలబడ్డారేమోననిపిస్తుంది. ఇంట్లో అందరికీ ఆమె ఎందుకమ్మే. తాతయ్య పెట్టిన పేరది. వాన ఎందుకు పడుతుందని పిల్లలందరూ అడుగుతారు, ఈ పిల్ల మాత్రం వాన గురించి చెప్పేటప్పుడు మీసం ఎందుకు దువ్వుకుంటావు తాతయ్యా అని అడిగేదట, పాపం ఆయన ఆ రోజు నుంచి మీసం మీదికి చెయ్యి పోబోయి మధ్యలో ఆగిపోయేవాడట. ముప్పై దాటినా ఆ పేరు వదల్లేదు, ఆ అలవాటూ వదల్లేదు. ఇప్పుడు మాత్రం ఏమిటి, ఉద్యోగం కోసం వచ్చిన మనిషి, గుండె చిక్కబట్టుకుని కూర్చోవలసిన మనిషి, ఆ బస్సుల ఆఫీసులో ఎదురుగా తలుపు మీదున్న బోర్డు చదివి ఆలోచనలో పడింది. పోయిన వస్తువుల విభాగం. లోపలున్నవన్నీ దొరికిన వస్తువులే కదా, పోయినవి ఇక్కడెందుకుంటాయి, పోయినవి పోయినచోటే ఉంటాయి, ఆ మాట బోర్డు రాసినవాడికి ఎవరూ చెప్పలేదా, చెప్తే ఏమనేవాడు. గుండె దడ కూడా ఉంది, లేకపోలేదు. రెండూ ఒకేసారి నడుస్తున్నాయి.

నెత్తిమీద ట్యూబులైటు సన్నగా గీపెడుతోంది. ఎడమ కొస నల్లబడింది, ఇంకెంతో కాలం బతకదు. ఈ చప్పుడు మిగతావాళ్లకి వినిపించదంటారు, వినిపించినా కాసేపటికి మర్చిపోతారంటారు, ఒక చప్పుడుని ఎలా మర్చిపోతారో ఆమెకి ఎంత ఆలోచించినా అంతుపట్టదు, అది మోగుతూనే ఉంటుంది కదా. మెడ వెనక చొక్కా గుచ్చుకుంటోంది. అక్క పొద్దున్నే కత్తెర తీసుకుని కాలర్‌లోని కంపెనీ పేరున్న గుడ్డముక్క కత్తిరించింది, కుట్టు దారం ఒకటి మిగిలిపోయింది. అక్క చేసిన పనుల్లో ఎప్పుడూ ఒక దారం మిగులుతుంది, అయినా ఆ కాలర్ సంగతి పట్టించుకునే మనిషి లోకంలో అక్క ఒక్కతే. ఇప్పుడు రోడ్డుకి అవతల బస్సుల కోసం ఆగే చోట, బస్సు ఎక్కే పని లేకుండా కూర్చుని ఉంటుంది. నేను లోపలికి రాను, నన్ను చూసి వాళ్లు నిన్ను చిన్నపిల్లనుకుంటారు అంది. అది నిజమే. నిజాన్ని అక్క అలా టపీమని చెప్పేస్తుంది, కానీ ఇంటర్వ్యూలో మాత్రం చెప్పకూడదంటుంది.

ఇంటర్వ్యూ అనేది ఎవరు కనిపెట్టారో. ఎప్పుడో ఎవరో పనిచేసేవాళ్లని వెతుక్కుంటూ, వాళ్ల చేత పని చేయించి చూడటం మానేసి, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి చూద్దామనుకున్నాడన్నమాట. వంటమనిషి కావాలనుకుని, వంట గురించి పాట పాడమన్నట్టు. అయినా లోకమంతా సరేనంది. అంతమంది సరేనన్నదాంట్లో ఏదో సంగతి ఉండే ఉంటుంది, అదేమిటో తెలుసుకోవాలని ఆమెకు నిజంగానే కుతూహలం. అక్క దగ్గర చాలాకాలంగా సాధన చేస్తోంది. అక్క బావ కళ్లజోడు పెట్టుకుని, ఇస్త్రీ బల్ల వెనక కుర్చీ వేసుకుని, గొంతు లావు చేసి, మీ గురించి చెప్పండి అంటుంది. మొదటిసారి ఎందుకమ్మ, ఏ భాగం, అని అడిగింది. అక్క బావ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో వేళ్ల సందుల్లోంచి తెలియలేదు. తర్వాత అక్కే ఒక జవాబు తయారుచేసింది. నేను కష్టపడి పనిచేస్తాను, నలుగురితో ఇట్టే కలిసిపోతాను, కొత్త విషయాలు నేర్చుకోవడమంటే నాకు ప్రాణం. "రెండోది అబద్ధం కదా" అంది ఎందుకమ్మ. "అది అబద్ధం కాదే, ఇంటర్వ్యూ" అంది అక్క.

కళ్లలోకి చూడమంటుంది అక్క. కళ్లలోకి చూస్తే మాట వినపడదు, మాట వింటే కళ్లలోకి చూడటం రాదు, రెండిట్లో ఒకటే కుదురుతుంది. అయితే కనుబొమల మధ్య చూడు, వాళ్లకి తేడా తెలియదు అని ఉపాయం చెప్పింది. ఉపాయం బాగానే ఉంది. కానీ ఒక మందుల కంపెనీలో ఇంటర్వ్యూ చేసినాయన కనుబొమలో, నల్లటి వెంట్రుకల నడుమ, ఒకే ఒక్క తెల్ల వెంట్రుక మిగతావాటికి అడ్డంగా పెరిగి ఉంది. అది ఎటు తిరిగిందో చూస్తూ చూస్తూ ఆయన ప్రశ్న పూర్తిగా వదిలేసింది. ఆయన రెండోసారి అడిగాడు, మూడోసారి అడగలేదు. ఇంకొక చోట, చివర్లో, మీరు మమ్మల్నేమైనా అడగాలా అన్నారు. పాపం, ఆ మాట ఎందుకమ్మతో అనొచ్చునా. అడిగింది. ఆ కిటికీకి లోపలివైపు కూడా గడియ ఎందుకుంది, మీ ముగ్గురిలో ఆవిడ ఒక్కరే ఎందుకు రాసుకుంటున్నారు, ఇంతకు ముందు ఈ పని చేసినాయన ఎందుకు మానేశారు. మూడో ప్రశ్నకి గదిలో గాలి మారిపోయిందని ఆమెకు కూడా తెలిసింది, కానీ ఎందుకు మారిందో ఈనాటికీ తెలియదు. సరే, మేమే ఫోన్ చేస్తాం అన్నారు. ఫోన్ చేస్తామన్నవాళ్లు చేస్తారు కదా. ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది, లైను ఖాళీగా ఉండాలని అక్కని కూడా ఫోన్ చెయ్యొద్దంది, స్నానానికి వెళ్తే గుమ్మం దగ్గర అమ్మకి అప్పజెప్పి వెళ్లింది. వాళ్లు చెయ్యలేదు. మేమే ఫోన్ చేస్తాం అంటే ఇక చెయ్యమని అర్థమట, అందరికీ తెలుసట. అందరికీ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఆ రోజు తనెక్కడుంది.

లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది. ఆమె కంటే ముందు వెళ్లిన కుర్రాడు, అడిగేవాళ్లు, అందరూ కలిసి నవ్వుతున్నారు. లోపల నవ్వు వినిపించిందంటే ఉద్యోగం వచ్చినట్టే అంటాడు బావ. అయితే ఇంతేనా, ఆ కుర్రాడికి వచ్చేసిందా. ఎందుకమ్మకి ఇది ఆఖరుది. అమ్మకి మాట ఇచ్చింది. ఒక్కో ఇంటర్వ్యూ తర్వాత ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుంది, అన్నం కంచం మంచం దగ్గర అలాగే ఉంటుంది, అమ్మ వచ్చి తీసుకుపోతుంది, ఏమీ అనదు. ఈసారి అంది. "ఇదే ఆఖరుది. ఇదీ కాకపోతే ఇంట్లోనే ఉండు. నువ్వు పనికి రావని కాదు, తల్లీ. నిన్నలా గోడకేసి చూస్తుంటే నేను చూడలేకపోతున్నా." సరే అంది ఎందుకమ్మ. ఇచ్చిన మాట తప్పడం ఆమెకి చేతకాదు, అమ్మకి ఆ సంగతి బాగా తెలుసు, తెలిసే అడిగింది. అమ్మది అన్యాయమేమీ కాదు. కానీ ఇంట్లో ఉండటమంటే ఏమిటి, ఎన్ని ఏళ్లు, ఏం చేస్తూ, అవేవీ అమ్మ చెప్పలేదు.

ఆటిజం అన్న మాట చెప్పిన డాక్టరమ్మ మంచిదే. ఇంత ఆలస్యంగా తెలిసిందేమిటని అమ్మ ఏడ్చింది, తన తప్పేదో వెతుక్కుంది. అక్క, సరే పేరు తెలిసింది, ఇక ఎవరికీ చెప్పకు అంది. ఎందుకమ్మకి మాత్రం కొత్త ఊరి పటం చేతికొచ్చినంత సంబరమైంది, ఆ ట్యూబులైటు, ఆ కాలర్, ఆ కళ్లు, అన్నీ ఒకే ఇంటివాళ్లని తెలిసింది. ఆ సంబరంలో ఒకచోట, గిడ్డంగి పని ఇంటర్వ్యూలో, చెప్పేసింది. అప్పటిదాకా మామూలుగా మాట్లాడుతున్న ఆయన గొంతు మెత్తబడింది. ఒక్కో మాటా విడివిడిగా, పెద్దగా, మీకు... బస్సులో... రావడం... వచ్చా, అని అడిగాడు. వచ్చే కదా వచ్చింది. ఆ మెత్తదనం ఎందుకమ్మకి కొత్త కాదు, బళ్లో కొందరు టీచర్లు అలాగే మాట్లాడేవారు, ఆ గొంతు విన్న తర్వాత ఇక ఏ పనీ తన చేతికి ఇవ్వరని అప్పట్లోనే అర్థమైంది. కోప్పడే గొంతే నయం, దానికి ఎదురు చెప్పొచ్చు.

పని చెయ్యలేకనా. చేసింది. ఆసుపత్రుల దుప్పట్లూ దిండు గలీబులూ ఉతికే లాండ్రీలో చాలా రోజులు చేసింది. అక్కడ ఆవిరి ఒక గోడలా లేచేది, పెద్ద ఇస్త్రీ రోలరు లోంచి దుప్పటి వేడిగా, చదునుగా, ఏ మడతా లేకుండా జారుకుంటూ వచ్చేది, ఆమె ఒక కొస, పొడుగాటి ఆవిడ ఇంకో కొస పట్టుకుని దగ్గరికి నడిచి మడిచేవాళ్లు. మాటలక్కర్లేదు. దుప్పటే మాట్లాడేది. పొడుగావిడ చేతులు తన చేతులకి తగిలేలోపు దూరం జరిగేవి, ఆమెకది ఇష్టమని ఆవిడకి ఎలా తెలుసో, ఎన్నడూ అడగలేదు. ఒకరోజు మేనేజరు అందర్నీ నిలబెట్టి, ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా మొహమాటం లేకుండా చెప్పండి అన్నాడు. అందరూ నేల చూశారు. ఎందుకమ్మ చెప్పింది. గంట మరీ గట్టిగా మోగుతోంది, గాలిపంకా రెక్క ఒకటి వంగింది, పొడుగావిడ ఇద్దరి పని చేస్తోంది, మీరు రాసుకునే సెంటు ఆవిరిలో కలిసి నాకు తల నొప్పి తెస్తోంది. మొహమాటం లేకుండా అన్నాడు కదా. పొడుగావిడ దుప్పటి వెనక మొహం దాచుకుంది. ఆ తర్వాత ఏమైందో, ఆ వారంలోనే ఏమైందో, అక్కడికి రాగానే ఆమె ఆలోచన పక్కకి తప్పుకుంటుంది, ఎప్పుడూ అంతే, నలుగురిలో ఇమడలేకపోయింది అన్న వాక్యం ఒకటి మాత్రం మిగిలింది. ఇమడటం అంటే ఏమిటో, ఎంత కొలత ఉంటే ఇముడుతారో, ఆ వాక్యంలో లేదు.

నడవా చివర కౌంటరు దగ్గర ఎవరో వచ్చారు. ఎందుకమ్మ తల తిప్పింది. అక్కడ కూర్చునే ఆవిడ ఆమెకు ముందే తెలుసు, నిరుడు అమ్మ కళ్లజోడు బస్సులో పోతే వచ్చి చూసింది, ఇక్కడ మనిషి కావాలన్న కాగితం కూడా ఆ కౌంటరు అద్దానికే అతికించి కనిపించింది, మళ్లీ మొన్న చూస్తే అదే కాగితం కొత్త తేదీతో ఉంది. కౌంటరావిడకి యాభై దాటి ఉంటాయి, కళ్లజోడు ముక్కు కొసన, బీరువా తాళాల గుత్తి నడుముకి. గొంతులో మెత్తదనం బొత్తిగా లేదు. ఆవిడ వెనక తెరిచిన తలుపులోంచి అరలు కనిపిస్తున్నాయి, హెల్మెట్లు, భోజనం డబ్బాలు, గొడుగులు, ఒక ఊతకర్ర. ఒక్కటే. ఆ ఊతకర్ర చూసినప్పటి నుంచి ఎందుకమ్మకి నిద్రలో కూడా అదే ప్రశ్న, దాని మీద ఆనుకుని బస్సెక్కిన మనిషి ఎలా దిగాడు. ఇలాంటి ప్రశ్నల మధ్య రోజంతా కూర్చుని, దానికి జీతం కూడా ఇస్తారంటే, లోకంలో తనకోసమే పెట్టిన ఉద్యోగం ఏదైనా ఉంటే అది ఇదే. ఇంతకు ముందు వెళ్లినవన్నీ ఉద్యోగం కావాలి కాబట్టి వెళ్లింది. ఇది మాత్రం ఇదే కావాలి.

వచ్చినాయన ప్లంబరు. ప్యాంటు మోకాళ్ల దగ్గర తెల్లటి సిమెంటు మరకలు, వేలి గోళ్ల కింద నలుపు.

"నా సంచి పోయిందండీ."

"ఎలా ఉంటుంది?"

"మామూలు సంచండీ. సంచిలాగే ఉంటుంది."

"అలాంటివి లోపల ఒక అరకి సరిపడా ఉన్నాయి" అంది కౌంటరావిడ. విసుక్కోలేదు, ఉన్నమాట చెప్పినట్టు అంది. తర్వాత కళ్లజోడు కొంచెం కిందికి జరిపి, అమ్మ కళ్లజోడు కోసం వచ్చినప్పుడు ఎందుకమ్మని అడిగిన మాటే అడిగింది. "చివరిసారి అది మీ చేతిలో ఉన్నప్పుడు, మీరెక్కడున్నారు?"

ప్లంబరు కళ్లు మూసుకున్నాడు. అంత మనిషి, నిలబడ్డచోటే, కుడి భుజం కొంచెం వంచాడు, అక్కడ లేని బరువుకి వంచాడు. చేతిలో కాదండీ, భుజానికుంది. కిటికీ పక్క సీటు. ఫోన్ మోగింది, తీద్దామంటే పట్టీ అడ్డమొచ్చింది, దించాను, కాళ్ల మధ్య పెట్టుకున్నాను, జిప్పు పోయింది కదా, తీగతో కట్టాను, ఆ తీగ కాలికి గీసుకుంది. ఆ మాట వస్తుంటే ఆయనే ఆశ్చర్యపోయాడు, మామూలు సంచి అన్నది తనేనా అన్నట్టు. కౌంటరావిడ తల ఊపింది. "చూస్తే గుర్తుపడతారా?" "పడతానండీ." "అయితే రండి" అని తాళాల గుత్తి తీసింది. ఎందుకమ్మ ట్యూబులైటుని కాసేపు పూర్తిగా మర్చిపోయింది. మర్చిపోవడం అంటే ఇదా. ఎలా ఉంటుంది అని అడిగితే మనిషికి ఏమీ రాలేదు, ఎక్కడున్నారు అంటే అన్నీ వచ్చాయి. సంచి అదే, మనిషి అదే. ప్రశ్నకి పట్టుకోవడానికి ఒక పిడి ఉండాలన్నమాట, మీ గురించి చెప్పండి అన్నదానికి ఎక్కడా పిడి లేదు, నున్నటి గుండులా చేతుల్లోంచి జారిపోతుంది, తప్పు చేతులదే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ.

దరఖాస్తులో ఉన్న పేరు వినిపించింది. వెనక ఎవరూ లేరు. లేచింది. నవ్విన కుర్రాడు బయటికి వస్తూ తలుపు తెరిచి పట్టుకున్నాడు, మంచివాడే.

లోపల ముగ్గురు. మధ్యలో ఆఫీసరు, ఆయన పక్కన పెద్దాఫీసు నుంచి వచ్చిన చీర కట్టుకున్న ఆవిడ. చివర, ఇప్పుడే వచ్చి ఆయాసపడుతూ కుర్చీ లాక్కుంటున్నది ఎవరో కాదు, కౌంటరావిడే. ఆవిడ పక్కన పనిచేయాల్సిన మనిషి కాబట్టి ఆవిణ్ణీ కూర్చోబెట్టారు కాబోలు. తాళాల గుత్తి బల్లమీద పెట్టింది. ఎందుకమ్మ ఆఫీసరు కనుబొమల మధ్య చూసింది. అక్కడ అదృష్టవశాత్తూ ఏమీ లేదు.

"మీ గురించి చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

అక్క జవాబు సిద్ధంగా గొంతులోకి వచ్చింది. నేను కష్టపడి పనిచేస్తాను, నలుగురితో. ఇందాకటి కుర్రాడు కూడా ఇదే అని ఉంటాడు, అంతకు ముందువాళ్లు కూడా. మామూలు సంచి, సంచిలాగే ఉంటుంది. ఇది చెప్తే ఆ అరలో తనూ ఒకతె, చెప్పకపోతే ఇంటికి, గోడకి. అమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది. అక్క రోడ్డుకి అవతల కూర్చుని తన జవాబు తనే గొణుక్కుంటూ ఉంటుంది. భయం వేసింది. అయినా అది తన జవాబు కాదు కదా, అక్కది. అక్కకి ఈ ఉద్యోగం అక్కర్లేదు.

"దానికి నాకు జవాబు రాదండీ" అంది. "మా అక్క ఒకటి నేర్పింది, కానీ అది ఎవరికైనా సరిపోతుంది. నాకు ఆటిజం ఉంది. అలా అడిగితే ఎటునుంచి మొదలుపెట్టాలో తెలీదు. కౌంటర్ దగ్గర మేడమ్ అడిగినట్టు అడిగితే చెప్పగలను."

ఆఫీసరు కాగితాల వైపు చూశాడు. పెద్దాఫీసావిడ ముందుకు వంగింది, మొహంలో చాలా దయ ఉంది. "పర్లేదమ్మా... కంగారు... పడకు... నెమ్మదిగా..." అంది. అదే గొంతు. ఎందుకమ్మ అయిపోయిందనుకుంది, లేవడానికి కుర్చీ అంచు పట్టుకుంది.

"చివరిసారి పని మీ చేతిలో ఉన్నప్పుడు, మీరెక్కడున్నారు?"

కౌంటరావిడ. కళ్లజోడు కిందికి జరిపి, ప్లంబరుని అడిగిన గొంతుతోనే, ఒక్క పిసరు మెత్తబడకుండా అడిగింది. ఎందుకమ్మ కుర్చీ అంచు వదిలేసింది. కళ్లు మూసుకుంది, ఇంటర్వ్యూలో కళ్లు మూసుకోకూడదని అక్క చెప్పలేదు, అలాంటిది ఒకటి జరగొచ్చని అక్కకి తట్టి ఉండదు. ఆవిరి లేచింది.

"లాండ్రీలో. రోలరుకి ఎడంపక్కన. దుప్పట్లు అయిపోయాయి, గలీబులు నడుస్తున్నాయి. ఒకటి నా చేతిలో ఉంది, మూల కుట్టు ఊడింది, కుట్టేవాళ్ల బుట్టలో వెయ్యాలి. బుట్ట నా వెనక ఉంది. తిరిగాను." ఆగింది. ఆలోచన ఎప్పుడూ పక్కకి తప్పుకునే చోటు ఇదే, ఈసారి తప్పుకోలేదు. "మేనేజరుగారు వచ్చారు. నా చేతిలోంచి గలీబు తీసుకుని పొడుగావిడ చేతికిచ్చారు. నువ్విక వెళ్లొచ్చు అన్నారు. బుట్టలో వెయ్యాలని చెప్పాను, వినలేదు." ఆమె రెండు చేతులూ ఒళ్లో, ఇంకా ఏదో పట్టుకున్నట్టే ఉన్నాయి. "నేను పనిని ఎక్కడా మర్చిపోలేదండీ. నా చేతిలోంచి తీసుకున్నారు."

పెద్దాఫీసావిడ దయ ఏంచెయ్యాలో తెలియక మొహమ్మీద అలాగే ఉండిపోయింది. ఈ గదిలో ట్యూబులైటు మోగట్లేదని ఎందుకమ్మ అప్పుడు గమనించింది.

"చూస్తే గుర్తుపడతారా?" అంది కౌంటరావిడ.

ఎందుకమ్మ కళ్లు తెరిచింది. "పడతానండీ."

కౌంటరావిడ ఆఫీసరు వైపు చూసింది. ఆయన వద్దనలేదు. ఆవిడ బల్లమీది తాళాల గుత్తి తీసుకుని లేచింది.

"అయితే రండి."